గొర్రెల దారిలో మొలిచిన గడ్డి

నేను ఒక పొరకను, ఊడ్చే చీపురును. అరిగి అరిగి ఇప్పుడు జానెడు మిగిలాను. పొరక కాకముందు అనంతపురం వైపు, వానలు ముఖం చాటేసే ఒక గుట్ట మీద గడ్డిని. నా పేరు అప్పుడూ పొరకగడ్డే. మనుషులు, మేం తమకు ఎందుకు పనికొస్తామో అదే మాకు పేరుగా పెడతారు.

రాళ్ల సందుల్లో గుప్పెడు మట్టి చాలు మాకు. మా గింజకు ఒక వైపు సూదిలాంటి మొన, రెండో వైపు మూడు సన్నని తోకలు. గాలికి ఎగురుతుంది, చీర అంచుకు అంటుకుంటుంది, గొర్రె బొచ్చులో దూరుతుంది. ఎక్కడ రాలితే అక్కడ మొలుస్తుంది. అందులో మా దోషం ఏమీ లేదనే అనుకునేదాన్ని.

ఏటా పుష్యమాసంలో కుళ్లాయమ్మ గుట్టెక్కేది. ఎరుకల ఇంటి మనిషి, యాభై దాటింది, భర్త లేడు. మమ్మల్ని పీకి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని దిగేది. ఆ పొరకలే ఆమెకు ఏడాది తిండి.

ఆ ఏడు ఆమె పీకుతూ ఉండగా కరియప్ప అనే గొర్రెల కాపరి పైకి వచ్చాడు. చేతిలో అగ్గిపెట్టె ఉంది.

“దిగు కుళ్లాయక్కా. గుట్టకు నిప్పు పెడతాండా.”

“ఏమైందప్పా నీకు? నా కూడు కాలుస్తావా?”

అతను తలగుడ్డ కొస విప్పి చూపించాడు. అందులో మా గింజ ఒకటి ఉంది. తోకలు విరిగిపోయాయి, మొనకు నెత్తురు ఎండి ఉంది.

“గొర్రెపిల్ల కంట్లోంచి తీసినా. ఇరవై దినాల పిల్లక్కా. ఒక కన్ను పోయినాది.”

ఆమె కొడవలి కింద పెట్టింది. “యాడ గుచ్చుకునింది?”

“గొర్రెలు నీళ్లకు పొయ్యే కుంట దారిలో, చాపబండ కాడ. ముందు ఆడ ఈ గడ్డే లేదు. గాలికి దిగొచ్చినట్టుండాది. అందుకే గుట్టంతా కాల్చేస్తా.”

కుళ్లాయమ్మ ముఖం వాడిపోయింది. నాలుగు రోజులు గడువు అడిగింది. అతను పళ్లు కొరుక్కుని సరేనన్నాడు.

ఆమె ముఖం ఎందుకు వాడిందో నాకు తెలుసు. అయిదేళ్లుగా ఆమె ఆ దారినే మోపులు దించుతోంది. అడ్డదారి, దగ్గర. చాపబండ దగ్గర మోపు దించి, బరువు తగ్గాలని బండకేసి బాది గింజలు రాల్చేది. గాలి తేలేదు మమ్మల్ని అక్కడికి. ఆమే తెచ్చింది. ఆ సంగతి మనుషుల్లో ఆమెకు తప్ప మరెవరికీ తెలియదు. నోరు మూసుకుంటే సరిపోయేది. మనుషులు సాధారణంగా చేసేది అదే.

మర్నాడు పొద్దున ఆమె గుట్టకు రాలేదు. కరియప్ప గొర్రెల దొడ్డి దగ్గరికి వెళ్లింది. ఆ సంగతి తర్వాత దొడ్డిలో అతను భార్యకు చెబుతుంటే విన్నాను. తడిక బయటే నిలబడి, “ఆ గడ్డి గాలికి రాలేదు కరియప్పా. నేనే రాల్చినా. నీ పిల్ల కన్ను తీసింది నేనే” అందట. అతను తడిక మూసుకున్నాడట.

గడువులో మిగిలిన మూడు రోజులూ ఆమె గుట్ట మీద ఒక్క పరక పీకలేదు. చాపబండ చుట్టూ ఉన్న గడ్డినంతా వేళ్లతో సహా పెకలించింది. పొరకకు పనికొచ్చే ఎత్తు లేని గడ్డి అది. చేతివేళ్లు కోసుకుపోతే పాత గుడ్డ చుట్టుకుంది. గడువు రోజున కరియప్ప వచ్చాడు. అగ్గిపెట్టె జేబులోనే ఉంది. కాసేపు నిలబడి చూశాడు. తర్వాత వంగి, ఆమెకు ఎదురుగా పీకడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి నేల బోసిపోయింది.

“గుట్ట మీదిది పీక్కో పో” అన్నాడు వెళ్తూ.

అలా బతికిన గడ్డిలో నేనున్నాను. కుళ్లాయమ్మ ఈసారి గుట్ట మీదే మమ్మల్ని దువ్వి, గింజలన్నీ కుప్ప చేసి, ఆ కుప్పకే నిప్పు పెట్టింది. అవి నా బిడ్డలు. ఆ పొగ నా మీదుగానే పోయింది. ఆమెను తప్పుపట్టలేకపోయాను. మోపును పాత చీరలో మూటకట్టి, చుట్టుదారిన దించింది. మొదట కట్టిన పొరకను నేనే. నన్ను కరియప్ప తడిక మీద పెట్టి, పిలవకుండానే వెళ్లిపోయింది.

రెండు రోజులు అతను నన్ను ముట్టలేదు. మూడో రోజున తీసుకుని దొడ్డి ఊడ్చాడు. ఒంటికన్ను పిల్లను అమ్మమని ఎందరో అడిగారు, ఇవ్వలేదు. కన్ను లేని వైపు తన కాలికి ఆనేలా నడిపించుకుంటూ మేపాడు.

మళ్లీ చలికాలం వచ్చింది. నిన్న ఆ ఒంటికన్ను పిల్ల తల్లి మళ్లీ ఈనేలా ఉందని తెలిసి, మిగిలిన జానెడు నాతోనే కరియప్ప మూలమూలా ఊడ్చాడు. పరక దొరికితే ఏరి పారేశాడు. తర్వాత నన్ను పొయ్యి పక్కన వేశాడు. ఈనిన గొర్రెకు వేడినీళ్లు కావాలి కదా. పొయ్యిలోకి పోయే నా వంతు ఇంకా రాలేదు.

ఈ పొద్దున గొర్రె ఈనింది. అతను కబురు పంపితే కుళ్లాయమ్మ వచ్చింది. ఈ ఏడాదిలో ఆమె తడిక దాటి లోపలికి రావడం ఇదే మొదలు. చేతులు కడుక్కుని, పిల్ల ముఖం మీది జిగురు తుడిచి, బొటనవేలితో రెప్పలు మెల్లగా ఎత్తింది.

“రెండూ బాగుండాయి కరియప్పా.”

అతను వంగి పిల్ల ముఖంలోకి చూశాడు. “ఇంగోసారి చూడక్కా” అన్నాడు.

ఆమె ఇంకోసారి చూసింది.