పన్నెండు నిమిషాల నీడ

మా ఇంట్లో కుట్టుపనికి పనికొచ్చే గది ఒక్కటే, తూర్పు గది. కోడలు మిషను మీద కూర్చుంటుంది. నేను కిటికీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని చొక్కాలకు కాజాలు కుడతాను. మిషను కాజాలు నాలుగు ఉతుకులకు నోరు తెరుస్తాయి. నావి చొక్కా చిరిగినా చెక్కుచెదరవని మా బావ అంటాడు. ఆయన నన్ను మెచ్చుకున్నది జన్మకల్లా ఆ ఒక్క మాటే.

గుట్ట మీద గాలిమరలు నిలబెట్టి ఇంకా ఏడాది కాలేదు. మూడున్నాయి. అవి వచ్చాకే ఊరి నీళ్ళ ట్యాంకు పొద్దున్నే నిండుతోంది, మా మిషనుకు మోటారూ వచ్చింది. తొక్కి తొక్కి వాచిన కోడలి మోకాళ్ళు కాస్త తెరిపిన పడ్డాయి. కాబట్టి వాటి మీద నాకు కోపమేమీ లేదు.

చలి తగ్గే రోజులు వచ్చేసరికి మాత్రం సూర్యుడు సరిగ్గా మొదటి మర వెనక నుంచి పైకి రావడం మొదలుపెట్టాడు. రెక్కల నీడ కిటికీలోంచి దూరి గదంతా ఊడ్చుకుంటూ పోయేది. వెలుగు, నీడ, మళ్ళీ వెలుగు, మళ్ళీ నీడ. ఎవరో స్విచ్చి దగ్గర కూర్చుని ఆటలాడుతున్నట్టు ఉండేది. కళ్ళు మూసుకున్నా రెప్పల మీద కొట్టేది. రోజూ అరగంట. తొమ్మిదింపావుకల్లా పట్నం బట్టల కొట్టువాళ్ళ బండి వచ్చి చొక్కాల మూటలు తీసుకుపోతుంది. అంటే ఆ అరగంట మాకు చేతినిండా పనుండే వేళ.

మూడో రోజు కోడలి గోటిలోంచి సూది దిగింది. వేలికి గుడ్డ చుట్టుకుంటూ ఆమె నెమ్మదిగా అంది. "మిషను పట్నానికి మార్చేద్దాం అత్తా. కొట్టువాళ్ళే వెనక గదిలో చోటిస్తామంటున్నారు."

"మరి నేను?"

"నువ్వు రోజూ బస్సెక్కలేవుగా. ఇంటిపట్టున విశ్రాంతిగా ఉండు."

విశ్రాంతి అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. నాలుగేళ్ళుగా నేను పొద్దున లేస్తున్నది ఆ ముక్కాలిపీట కోసమే.

మా బావ అంటే అక్క భర్త. పక్కిల్లే. ఊరి కరెంటు సంఘానికి పెద్ద. వెళ్ళి చెప్పాను.

"పరదా వేసుకోవే మరదలా," అన్నాడు.

"వేసుకుంటా. చీకట్లో నీ చొక్కా గుండీ తీసుకెళ్ళి నీ వీపుకు కుడతా, సరేనా?"

నవ్వాడు కానీ విన్నాడు. గాలిమరల మెకానిక్కును పిలిపించాడు. గంటలో నాలుగుసార్లు ఆ స్తంభం ఎక్కి దిగగలడని అతన్ని ఊళ్ళో అందరూ నిచ్చెన అంటారు. కంప్యూటరులో టైము పెడితే మర తనంతట తానే ఆగి, మళ్ళీ తనే తిరుగుతుందని నిచ్చెన చెప్పాడు. వారం రోజులు నీడ ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతోందో రాసిమ్మన్నాడు. "ఉన్నది ఉన్నట్టు రాయండమ్మా, అటూ ఇటూ చేయొద్దు," అని మరీ మరీ చెప్పాడు. మర ఆగితే నీళ్ళు ఆలస్యమవుతాయని సంఘంలో కొందరు గొణిగారు. పది రోజులు చూసి, ఉపయోగం ఉంటేనే కొనసాగిద్దామని బావ సర్దిచెప్పాడు.

వారం రోజులూ నేనే రాశాను. మిషను పైన గోడగడియారం ఉంది. దాన్ని చూసి, ముల్లు ఎక్కడుంటే అదే, నిమిషం తేడా రాకుండా నోటుబుక్కులో ఎక్కించాను. ఏడూ నలభైరెండుకు వస్తోంది, ఎనిమిదీ పన్నెండుకు పోతోంది. నిచ్చెన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుపోయాడు.

మర్నాడు నీడ మళ్ళీ వచ్చింది. కాసేపు కళ్ళు పొడిచి, ఆ తర్వాత మర ఆగింది. ఆగిన రెక్క నీడ చాకిరేవు బండలా కదలకుండా పడుంటుంది, దానితో ఇబ్బంది లేదు. కానీ సూర్యుడు మర దాటిపోయాక కూడా మర తిరగకుండా అలాగే నిలబడి ఉంది. రెండో రోజూ అంతే, అయిదో రోజూ అంతే. బావ దగ్గరికి వెళ్ళాను.

"నీ నిచ్చెన నిద్రమొహం వాడు. కావలసినప్పుడు తిప్పుతున్నాడు, అక్కర్లేనప్పుడు ఆపుతున్నాడు."

బావ అతన్ని అందరి ముందూ మందలించాడు. ఆదివారం సంఘం కూర్చునేలోగా సరిచేయకపోతే ఈ ఆపడం గీపడం ఎత్తేస్తామన్నాడు. ఇంటికొచ్చేసరికి కోడలు పట్నానికి పట్టుకెళ్ళే సామాను మూట కడుతోంది.

శనివారం పొద్దున నిచ్చెన మా ఇంటికొచ్చాడు. మొహం ముడుచుకునే ఉంది. నా ముక్కాలిపీట మీదే కూర్చుని కిటికీకేసి చూస్తున్నాడు. నీడ వచ్చి గోడ మీద కొట్టింది.

"చూశావా నాయనా," అన్నాను. "ఏడూ నలభైరెండు. నేను రాసిన నిమిషానికే వచ్చింది. నీ మర ఆగిందా?"

అతను జేబులోంచి ఫోను తీశాడు. దాన్ని చూశాడు, గోడ చూశాడు, మళ్ళీ ఫోను చూశాడు.

"అమ్మా, ఇప్పుడు ఏడున్నర."

కోడలి మిషను ఆగిపోయింది. నేను ఆమెను చూశాను, ఆమె నన్ను చూసింది.

మా ఆయన బస్సు కండక్టరు. కొత్తలో ఒకసారి మొదటి బస్సు తప్పిపోయి నానా మాటలూ పడ్డాడు. ఆ రోజే గడియారాన్ని పన్నెండు నిమిషాలు ముందుకు తిప్పాడు. మా గుమ్మం నుంచి బస్టాండుకు నడక పన్నెండు నిమిషాలు. గోడ మీద ఆరయినప్పుడు గుమ్మం దాటితే, సరిగ్గా ఆరింటికి బస్టాండులో ఉంటాడన్నమాట. ఈ ఇంట్లో పెరిగిన మా అబ్బాయికీ, వచ్చిన కోడలికీ, అందరికీ అలవాటే. ముల్లు చూస్తాం, మనసులో పన్నెండు తీసేస్తాం. ఊపిరి పీల్చుకున్నట్టే, దాని గురించి ఎవరం అనుకోం. ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు కదా, నేను ఉన్నది ఉన్నట్టే రాశాను. తీసేయడం మరిచాను.

నాలుగేళ్ళ కింద ఆయన చనిపోయాక, నెల తిరిగేసరికి ఆ గడియారం ఆగింది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. రెండు రోజుల తర్వాత చూస్తే నడుస్తోంది. కోడలు కొత్త బ్యాటరీ వేసింది. సరిగ్గా పన్నెండు నిమిషాలు ముందుకు పెట్టి వేసింది.

నిచ్చెన లేచి నిలబడ్డాడు. "ఈ పీట ఎక్కితే అందుతుంది. ఒక్క నిమిషంలో దిద్దేస్తాను."

"దాన్ని ముట్టుకోకు అన్నా," అంది కోడలు. "నీ మరనే జరుపుకో."

"తాటిచెట్లు నాలుగు నిలబెట్టినంత మర జరగాలి గానీ, కంచమంత గడియారం జరగకూడదా?"

"జరగకూడదు," అంది ఆమె, మిషను మీంచి తలెత్తకుండా.

ఆదివారం సంఘంలో నేనే ముందు లేచాను. తప్పు మరది కాదు, మెకానిక్కుది అంతకన్నా కాదు, గడియారం సంగతి మరిచిన నాదే అని చెప్పాను.

"అంటే ఇన్నేళ్ళుగా బస్టాండులోనే కాపురం చేస్తున్నావన్నమాట," అన్నాడు బావ. అందరూ నవ్వారు. నిచ్చెన కూడా నవ్వాడు.

వెనక నుంచి పిండిమర ఆయన అన్నాడు. "గడియారం దిద్దుకుంటే పోయేదానికి ఇదంతా ఎందుకమ్మా?"

బావ కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఆ మొదటి బస్సు తప్పిన రోజు మా ఆయనను సైకిలు మీద కూర్చోబెట్టుకుని బస్సు వెనక తొక్కింది బావే.

"ఆ గడియారం అలాగే ఉంటుంది," అన్నాడు. "నిచ్చెనా, ఆవిడ రాసిన దాంట్లో పన్నెండు తీసి పెట్టు. ఇంకో పది రోజులు చూద్దాం."

మర్నాడు ఏడూ నలభైరెండుకు, మా గోడ మీద టైముకే, రెక్కలు మెల్లగా ఆగాయి. ఒక నీడ చార వచ్చి నా ఒళ్ళోని చొక్కా మీద పడి అక్కడే ఉండిపోయింది. నేను పీట కొంచెం పక్కకు జరుపుకుని దారం ఎక్కించాను. కోడలు లోపలికి వెళ్ళి మూట విప్పి, కత్తెరా టేపూ తెచ్చి వాటి మేకుకే తగిలించింది.

గడియారం తొమ్మిదింపావు చూపించింది. ఆమె తలెత్తి చూసి, "ఇంకో చొక్కా అందుకో అత్తా," అంది. "బండికి ఇంకా పన్నెండు నిమిషాలుంది."