పది సెకన్ల కట్టుడు పళ్ళు

మా అక్క దంతవైద్యురాలు. ఆమె క్లినిక్ ముందు గదిలో, రోగుల పేర్లు రాసే పెద్ద పుస్తకం వెనక, మా బావ కూర్చుంటాడు. పదకొండేళ్లుగా ఆ పుస్తకాన్ని ఆయన తప్ప ఎవరూ ముట్టుకోలేదు. దాని స్థానంలో నేను రాసిన యాప్‌ను పెట్టడానికి అక్క ఒప్పుకుంది. ఒక్క రోజుకు, ఒక్క షరతు మీద.

"సాయంత్రంలోపు ఒక్కరు ఫిర్యాదు చేసినా నీ యాపు నీ సంచీలోకి, మీ బావ పుస్తకం బల్ల మీదికి. తెలిసిందా?"

తెలియకపోవడానికి వీల్లేదు. మూడు వారాల క్రితం ఉద్యోగం మానేశాను. ఆ సంగతి ఇంట్లో చెప్పిన తీరు కూడా గొప్పది కాదు. "ఉద్యోగం మానేశాను" అని కుటుంబం గ్రూపులో పెట్టి, టీ తాగి, అరగంట తర్వాత "సొంతంగా పని మొదలుపెడుతున్నాను" అని పెట్టాను. ఆ అరగంటలో అమ్మ తొమ్మిది మందికి ఫోన్ చేసింది. నన్ను ఓదార్చడానికి పెదనాన్న బయలుదేరాడు కూడా. అక్క క్లినిక్ నా మొదటి పని. ఇది నిలబడితే పై అంతస్తులోని కళ్ల డాక్టరు కూడా తీసుకుంటానన్నాడు. నిలబడకపోతే మళ్లీ పెదనాన్న.

యాప్ సంగతి సులువు. అందులో "కుర్చీ" అని ఒక వస్తువు. దానికి మూడు గడులు: పేరు, వైద్యం, సమయం. ఏ గడి మారినా, ఆ కుర్చీని కనిపెట్టుకుని ఉన్నవారందరికీ తక్షణం కబురు వెళ్తుంది. వారిని మా వృత్తిలో అబ్జర్వర్లంటారు. ఇక్కడ వారు ముగ్గురు: అక్క టాబ్లెట్, బావ ఫోను, ముందు గది గోడకున్న పెద్ద తెర. చూసేవాడికి చెప్పకుండా ఏదీ మారకూడదన్నది నా సూత్రం. వస్తువుకూ చూసేవాడికీ మధ్య దూరం గురించి ఏళ్ల తరబడి చదివి, చివరికి ఏడు వరుసల కోడ్‌లో దాన్ని దాటానని అనుకున్నాను.

తెర మీద అక్షరాలు పరుగెడుతున్నాయని ముందు రోజు పరీక్షించి చూసినప్పుడే బావ గొణిగాడు. "పెద్దవాళ్లు చదువుకోవద్దా బామ్మర్దీ? కాస్త ఆగనివ్వు." ఏ కబురైనా తెర మీద పది సెకన్లు నిలిచేలా చేశాను. అది దయతో చేసిన పని.

పదకొండు గంటలకు కుర్చీలో ఒక ముసలి వడ్రంగి ఉన్నాడు. ఆయనకు పూర్తి కట్టుడు పళ్ళు. తర్వాతి వంతు ఒక పెళ్లికొడుకుది. వచ్చే వారమే పెళ్లి; పళ్ళు శుభ్రం చేయించుకోవడానికి వచ్చాడు. పక్కనే కాబోయే మామగారు. బడులు తనిఖీ చేసి రిటైరైన ఆయన, అల్లుణ్ణి కూడా అదే చూపుతో చూస్తున్నాడు.

వడ్రంగి లేచాడు. అక్క "తర్వాతివారు" నొక్కింది. పేరు గడి మారింది. నా సూత్రం ప్రకారం వెంటనే కబురు వెళ్లింది. వైద్యం గడి ఇంకా మారలేదు. తెర మీద పెళ్లికొడుకు పేరు, దాని కింద "పూర్తి కట్టుడు పళ్ళు" వెలిశాయి. వైద్యం గడి కూడా రెప్పపాటులో మారింది కాని, ఆ రెండో కబురు తన వంతు కోసం పది సెకన్లు మర్యాదగా వరుసలో నిలబడింది.

పది సెకన్లు ఎంత పొడుగో నేనెన్నడూ ఆలోచించలేదు.

మామగారు తెర చూశాడు. అల్లుడి నోరు చూశాడు. మళ్లీ తెర చూశాడు.

"ఏమయ్యా, అవి నీవి కావా?"

"ఏవండీ?"

"పళ్ళు!"

"అయ్యో, నావే మామగారూ! పుట్టినప్పట్నుంచీ నావే!"

"పుట్టినప్పుడు ఎవరికుంటాయయ్యా పళ్ళు? మా అమ్మాయి ముందు నవ్వుతుంటే ఎంత వరసగా ఉన్నాయో అనుకున్నా. ఇదా సంగతి!"

"ఈ వయసుకే, పాపం," అంది బుగ్గ పట్టుకుని కూర్చున్న ఒకావిడ.

అప్పుడు తెర "శుభ్రం చేయడం" అని మారింది. దాంతో వ్యవహారం ఇంకా చెడింది.

"చూశావా, మార్చేశారు! డాక్టరమ్మతో ముందే మాట్లాడుకున్నావన్నమాట!" మామగారు ఇంటికి చేయడానికి ఫోను తీశాడు. అల్లుడి పెళ్లీ నా యాపూ ఆ బొటనవేలి కింద ఉన్నాయి.

బావ లేచి, సొరుగులోంచి పుస్తకం తీశాడు. ఉదయం నుంచి రహస్యంగా రాస్తూనే ఉన్నాడన్నమాట.

"అయ్యా, ఇటు చూడండి. వడ్రంగి గారు, కట్టుడు పళ్ళు. మీ అల్లుడుగారు, శుభ్రం. పొద్దున తొమ్మిదింటికి రాసింది. సిరా ఆరింది, ముట్టుకుని చూడండి."

ఆయన నిజంగానే ముట్టుకుని చూశాడు. అక్క బయటికొచ్చి, "లోపలికి రండి, మీరే లెక్కపెట్టుకోండి," అని ఇద్దరినీ తీసుకెళ్లింది.

"బావా, మీకెప్పుడూ ఇలా జరగలేదా?" అని అడిగాను.

"వరుస మొత్తం రాసి, తలెత్తి, అప్పుడు పిలుస్తా. పేరు రాయగానే కేకేస్తే ముందువాడి రోగం వీడికంటదూ?"

పళ్ళ అచ్చులు దాచే గదిలోకి వెళ్లి లాప్‌టాప్ తెరిచాను. అరలలోని ప్లాస్టరు దవడలన్నీ నన్ను చూసి ఇకిలిస్తున్నాయి. గడిగడికీ కబురు పంపే మూడు వరుసలను తీసేసి, మూడు గడులూ మారాక పంపే ఒక్క వరుసను చివర పెట్టాను. సగం మారినదాని గురించి చెప్పినది అబద్ధం కాదు. అది నిజం కూడా కాదు. టీకి ముందు ఒక వాక్యం, టీ తర్వాత ఒక వాక్యం పంపిన మనిషికి ఇది ముందే తెలియవలసింది.

బయటికొచ్చేసరికి మామగారు చేతులు కడుక్కుంటున్నాడు.

"ముప్పై ఒకటి. అన్నీ గట్టివే," అన్నాడు.

"జ్ఞానదంతం ఒక్కటి ఇంకా రాలేదండీ," అంది అక్క. "మరి, ఫిర్యాదేమైనా ఉందా?"

"ఫిర్యాదేం లేదమ్మా. కాకపోతే అక్కడ కూర్చున్నవాళ్లలో ఇద్దరు మా వీధివాళ్లు. అల్లుడి పేరు కింద 'పళ్ళు సొంతవే' అని అదే తెర మీద ఓ పది సెకన్లు వేయించండి."

అక్క బావ వైపు తిరిగింది. "దీన్ని ఫిర్యాదనాలా, పననాలా?"

బావ పుస్తకం మూశాడు. "పనే," అని దాన్ని సొరుగులో పెట్టాడు. తాళం మాత్రం వేయలేదు.

పేరు, మాట, సమయం, మూడూ రాసి ఒక్కసారే పంపాను. బుగ్గ పట్టుకున్న ఆవిడ మొదట చదివి, పెళ్లికొడుక్కు నమస్కారం పెట్టింది.

నా ఫోనులో ఉదయం నుంచీ అమ్మ ప్రశ్న ఉంది: "ఏమైందిరా?" సాయంత్రం అక్క తలుపులు మూసేదాకా జవాబు రాయలేదు.