ఇంట్లో మాత్రమే కనిపించే బొమ్మలు

"ఊరికే కూచునే బదులు ఈ పెళ్లికూతురి మొటిమలు తీసెయ్" అన్నాడు మా ఆయన, కంప్యూటరులో నూట ఇరవై ఫోటోలు పడేసి. నేను కూర్చుని అప్పటికి రెండు నిమిషాలయి ఉంటుంది. అంతకుముందు బట్టలు ఆరేశాను, అత్తయ్యగారికి మందులిచ్చాను, స్టూడియోలో మనుషుల వెనక కట్టే నీలం తెర ఉతికి ఇస్త్రీ చేశాను. అయినా సరే, ఈ ఇంట్లో "ఊరికే" అన్నది నాకు ఇంటిపేరైపోయింది.

ముందు గది స్టూడియో, వెనకంతా ఇల్లు, మధ్య గదిలో కంప్యూటరు. మా ఆయనా మరిదీ ఫోటోలు తీస్తారు. తీసినవాటిని మనుషులు చూసి మురిసిపోయేలా చేసేది నేను. పదకొండేళ్లుగా మూసుకుపోయిన కళ్లు తెరిపిస్తున్నాను, చెదిరిన జుట్టు సర్దుతున్నాను, అలిగి రాని చిన్నాన్నల్ని వేరే ఫోటోలోంచి తెచ్చి గ్రూపులో నిలబెడుతున్నాను. దీనంతటికీ మా ఆయన పెట్టిన పేరు మొటిమలు తీయడం. ఎవరైనా మెచ్చుకుంటే, "అంతా సాఫ్ట్‌వేరే చేసేస్తుందండీ" అంటాడు. ఆ సాఫ్ట్‌వేరుకి సాయంత్రానికి నడుం పట్టేస్తుందని వాళ్లకేం తెలుసు.

నాకు కొత్త చదువు చెప్పిన పుస్తకం కొన్నది నేను కాదు, మా మరిది. వెబ్ పేజీలు తయారుచేయడం మొదటినుంచీ నేర్పే లావుపాటి పుస్తకం. "స్టూడియోకి వెబ్‌సైటు నేనే చేసేస్తా, బయటివాళ్లెందుకు?" అని మూడు రోజులు హడావుడి చేశాడు. పద్నాలుగో పేజీదాకా పెన్సిలు గీతలున్నాయి. పదిహేనో పేజీ నుంచి పుస్తకం కొత్త పెళ్లికొడుకులా తళతళలాడుతోంది. తర్వాత దాన్ని మానిటరు కింద ఎత్తుకి పెట్టేశాడు. ఓ మధ్యాహ్నం అత్తయ్యగారు కునుకు తీస్తున్నప్పుడు దాన్ని బయటికి లాగి, దాని చోట రెండు ఖాళీ ఆల్బం పెట్టెలు పెట్టాను. పుస్తకం పోయిన సంగతి ఎవరూ గమనించలేదు. మానిటరు ఎత్తు తగ్గలేదు కదా.

మొదటి పేజీలోనే ఇలా ఉంది: "భయపడకండి. మీరేం చేసినా ఏమీ పాడవదు. చేసి చూడండి." ఆ మూడు వాక్యాలూ రెండుసార్లు చదివాను. పెళ్లయినప్పటినుంచీ మిక్సీ ముట్టుకుంటే "కాల్చేస్తావ్", కెమెరా ముట్టుకుంటే "పడేస్తావ్", మాట్లాడబోతే "చెడగొడతావ్". చేసి చూడమన్న మొదటి గొంతు నాకు ఒక పుస్తకంలో వినిపించింది. చెప్పినట్టే నాలుగు ముక్కలు టైపు చేసి, ఫైలు దాచి, తెరిచాను. తెర మీద పచ్చటి అక్షరాల్లో నేను రాసిన మాట. సంతోషంతో ఒళ్లు ఝల్లుమంది. చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు కాబట్టి దాన్ని ఇంకోసారి తెరిచి చూసుకున్నాను.

చదువు సాఫీగా సాగిందనుకునేరు. రెండు నుంచి మూడున్నరదాకా నా బడి. అందులోనూ సగం, "అమ్మాయ్, కాసిని వేణ్ణీళ్లు", "వదినా, నా నల్ల చొక్కా ఎక్కడ?", "ఏమేవ్, స్టూడియోలోకి రెండు టీలు". పిలిచినప్పుడల్లా తలలోంచి పిన్ను తీసి పేజీకి గుచ్చి లేచేదాన్ని. తిరిగొచ్చి పిన్నున్న చోట మొదలుపెట్టేదాన్ని. పేజీలో గళ్లు కట్టడం నేర్పే టేబుళ్ల అధ్యాయం అంటే నాకు ఇప్పటికీ కుక్కరు కూతలే గుర్తొస్తాయి.

నాలుగు నెలలకి స్టూడియో పేజీ తయారైంది. మా ఆయన కుర్చీ వెనక నిలబడి, కిందిదాకా చూసి, "పర్లేదే!" అన్నాడు. ఆ ఒక్క మాటకి నేను వెర్రిదానిలా పొంగిపోయాను. అంతలో ఆయన వేలు తెర మీద అడుగున ఆగింది. అక్కడ చిన్న అక్షరాల్లో "ఈ పేజీ చేసినది" అని రాసి, పక్కన నా పేరు పెట్టుకున్నాను.

"ఇదెందుకు? ఇంటి పనికి పేర్లేంటి? తీసెయ్."

తీసేశాను. పెళ్లికూతురి మొటిమ పోయినంత శుభ్రంగా పోయింది, మచ్చ కూడా మిగలలేదు.

ఆ వారమే మా ఊళ్లోని పెద్ద స్కూలు ప్రిన్సిపాల్‌గారు పిల్లల గ్రూపు ఫోటోలు తీసుకోవడానికి వచ్చారు. మా ఆయన ఆవిడని మధ్య గదిలోకి పిలిచి మరీ పేజీ చూపించాడు. "ఎంత బాగుందండీ! ఎవరు చేశారు?" అన్నారావిడ. అప్పుడే నేను టీ పట్టుకుని గుమ్మంలో ఉన్నాను.

"మా తమ్ముడండీ. వాడికివన్నీ కొట్టిన పిండి."

మరిది తల గోక్కున్నాడు గానీ కాదనలేదు. ప్రిన్సిపాల్‌గారు వాడితోనే, "మా స్కూలుకీ ఒకటి చేసిపెట్టు బాబూ, వచ్చే నెల టీచర్ల మీటింగులో చూపిద్దాం" అని, నా చేతిలోంచి కప్పు అందుకున్నారు. పంచదార సరిపోయిందని నన్నూ మెచ్చుకున్నారు.

ఆవిడ వెళ్లాక ఉండబట్టలేక అడిగాను, "నేను చేశానని చెప్తే ఏమయ్యేదండీ?"

"ఇంట్లో ఆడవాళ్లు చేశారంటే పెద్ద స్కూలు వాళ్లు పని ఇస్తారా? అయినా ఎవరు చేస్తే ఏంటి, అంతా మనదేగా!"

ఆ "మన"లో నేనెక్కడున్నానో ఎంత వెతికినా దొరకలేదు. ఏడుపొచ్చింది. ఉల్లిపాయలు తరిగేదాకా ఆపుకుని అప్పుడు ఏడ్చాను. అప్పుడైతే ఎందుకని ఎవరూ అడగరు.

స్కూలు పేజీ కూడా నేనే చేశాను. మానేస్తానని ఎందుకనలేదని మీరడగొచ్చు. మానేస్తే నా చేతిలో ఇంకేముంది? ఇరవై రోజులు, అరవై నాలుగు ఫోటోలు. ఆటస్థలం, ప్రయోగశాల, ఎత్తు వారీగా వరసకట్టిన పిల్లలు. ఒక్కొక్కటీ ముచ్చటపడి పెట్టాను. నాకు కావలసింది ఒక్కటే. ఇది నేను చేశానని బయట ఒక్క మనిషికైనా తెలియాలి. అది జరిగేలా లేదని తెలిసీ చేశాను.

మీటింగు రోజు మరిది నేను ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, నేను ఎక్కించి ఇచ్చిన పెన్‌డ్రైవు జేబులో పెట్టుకుని వెళ్లాడు. పదకొండింటికి ఫోను.

"వదినా, ఒక్క ఫోటో కూడా కనపడట్లేదు! అన్నీ ఖాళీ గళ్లే. హాలు నిండా టీచర్లు. ఏం చెయ్యాలో త్వరగా చెప్పు."

ఫోను భుజానికి నొక్కిపెట్టి పుస్తకం తిరగేశాను. బొమ్మల అధ్యాయంలో నా పిన్ను చిల్లులు రెండు చోట్ల ఉన్నాయి, మధ్యలో ఒక పేజీ నేనెప్పుడూ చూసినట్టు లేదు. వేణ్ణీళ్లకని లేచిన రోజు అయ్యుంటుంది, వచ్చాక పిన్ను ఒక పేజీ అవతల గుచ్చుకుని ఉంటుంది. ఆ పేజీలో లావు అక్షరాలతో ఇలా ఉంది: "బొమ్మ ఎక్కడుందో పేజీకి చెప్పే దారి రాసేటప్పుడు మీ సొంత కంప్యూటరు చిరునామా రాయకండి. మీ ఇంట్లో కనిపిస్తుంది, బయట ఎక్కడా కనిపించదు."

నేను అరవై నాలుగుసార్లూ మా మధ్య గది చిరునామానే రాశాను. ఫోటోలన్నీ ఆ పెన్‌డ్రైవులోనే ఉన్నాయి. పేజీ మాత్రం వాటికోసం ఇంకా మా ఇంట్లోనే వెతుకుతోంది. ఆ చిరునామా ముక్క తీసేస్తే చాలు, పది నిమిషాల పని.

మా ఆయన స్టూడియోలోంచి వచ్చి, "ఏమైందట? చెప్పు వాడికి, పరువు పోతుంది" అన్నాడు. చెప్పబోయాను. ఇంతలో ఫోనులో ప్రిన్సిపాల్‌గారి గొంతు ఏదో అడిగింది. మరిది ఫోను కాస్త పక్కకి తిప్పి జవాబు చెప్పాడు. నాకు ప్రతి ముక్కా వినిపించింది.

"నేను చేసినప్పుడు బాగానే ఉంది మేడమ్. ఇంట్లో మా వదిన కూడా అదే కంప్యూటరు వాడుతుంది. ఏదో కెలికేసుంటుంది."

ఎవరో నవ్వారు.

పేజీ వాడిది, తప్పు నాది. పదకొండేళ్లలో ఎన్నోసార్లు విన్న లెక్కే ఇది, కాకపోతే ఈసారి ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. పైగా వాడు సగం నిజమే చెప్పాడు. మిగతా సగం చెప్పాల్సింది నేనే.

"ఫోను మేడమ్‌గారికివ్వు" అన్నాను.

"ఎందుకు వదినా? నాకు చెప్పు చాలు."

"ఇవ్వమన్నానా!"

మా ఆయన చేత్తో వద్దు వద్దని సైగ చేస్తున్నాడు. నేను అటు తిరగలేదు. పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాను.

"ఎవరండీ మాట్లాడేది?" అన్నారు ప్రిన్సిపాల్‌గారు. ఇన్నేళ్లూ ఈ ప్రశ్నకి "స్టూడియో వాళ్లింటినుంచండీ" అనే చెప్పేదాన్ని.

"మా మరిది చెప్పింది నిజమేనండీ, తప్పు నాదే" అన్నాను. "ఆ పేజీ చేసింది కూడా నేనే. ఇప్పుడే బయల్దేరి వస్తున్నాను, మీ టీచర్లందరి ముందే సరిచేస్తాను."