సాయంత్రం పరీక్ష

నా తొడను మాననివ్వనిది మీరే. మా ఆయనా, మా అత్తగారూ, కోచ్ చెప్పాడు కదా అని తలూపే క్రీడల ఆఫీసు పెద్దలూ, మీరే.

ఆ రోజు మైదానంలో పరుగు సాధన చేస్తూ, మలుపు దాటి వేగం అందుకుంటుంటే, కుడి తొడ వెనక ఎవరో రాయి పెట్టి కొట్టినట్టయింది. వెనక్కి చూస్తే ఎవరూ లేరు. కుంటుకుంటూ పక్కకొచ్చి కూలబడ్డాను. తర్వాత కమిలిన నలుపు మోకాలి వెనక దాకా దిగింది. కండరం కొంత చిరిగింది, అతుక్కుంటుంది, తొందరపడొద్దు అని డాక్టరమ్మ చెప్పింది. మా జట్టుకి కోచ్ మా ఆయనే. రెస్ట్ తీసుకో అన్నాడు. ఆయన లెక్కలో రెస్ట్ అంటే మైదానానికి రాకపోవడం. నేల తుడవాలి, బట్టలు పిండాలి, నీళ్ల బకెట్లు మేడ మీదికి మొయ్యాలి. కాసేపు కాలు చాపితే చాలు, అత్తగారు గుమ్మంలో ప్రత్యక్షం.

"వాడు పరుగెత్తొద్దన్నాడు గానీ, వంగొద్దన్నాడా అమ్మాయ్?"

నిరుడు మా మరిదికి ఇదే దెబ్బ, ఇదే చోట. అతనూ పరుగులవాడే. అప్పుడు ఈ ఇల్లు ఆస్పత్రి అయిపోయింది. గుడ్డలో ఐస్ చుట్టింది నేను, పట్టీ కట్టింది నేను, పళ్లెం మంచం దగ్గరికి మోసింది నేను. వదినా దిండు అంటే దిండు, వదినా నీళ్లు అంటే నీళ్లు. నొప్పి తగ్గాక మా ఆయన అతన్ని బోర్లా పడుకోబెట్టి, మడమ పట్టుకుని, "నా చేతిని ఎదురు నెడుతూ మోకాలు మడువు" అనేవాడు. బలం కొంచెం కొంచెంగా పెంచేవాడు. మానిందో లేదో చూసే ఆ పరీక్ష కూడా పొద్దున్నే, కాలు తాజాగా ఉన్నప్పుడు.

నా పరీక్ష మాత్రం సాయంత్రం. ఇంటెడు చాకిరీ అయ్యాక, చేతుల తడైనా ఆరకముందు. ఆయన మడమ పట్టుకోగానే తొడ వణికేది. ఇంకా మానలేదు, ఈసారి పోటీలకి నీ పేరు పంపను అన్నాడు, ఎంతో జాలిగా. ఆ జాలి దగ్గరే నాకు అనుమానం పుట్టింది. వంటింట్లోంచి అత్తగారు, పోనీలే, ఇంటిపట్టున ఉంటుంది అంది. అంత చప్పున ఎలా అంది? ముందే అనుకున్నారా? అలసిన కండరం వణుకుతుందని కోచ్‌కి తెలియదా? తమ్ముడి కాలు పట్టుకున్నప్పుడు తెలిసిందే! నా దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాడా, మర్చిపోయినట్టు నటిస్తున్నాడా?

క్రీడల ఆఫీసుకి పేర్లు పంపే రోజు పొద్దున నేను లేవలేదు. కుళాయి వచ్చింది. బకెట్లు ఖాళీగానే ఉన్నాయి. అత్తగారు రెండుసార్లు కేకేసింది, మరిది టీ ఏదన్నాడు. నేను మంచం మీద బోర్లా తిరిగి, కుడి కాలు మడిచి ఉంచాను.

మా ఆయన వచ్చి, "ఒంట్లో బాలేదా?" అన్నాడు.

"బాగానే ఉంది. పరీక్ష చెయ్యండి."

"సాయంత్రం చూద్దాంలే."

"సాయంత్రమే ఎందుకు?"

గుమ్మం వైపు, అక్కడ నిలబడ్డ వాళ్లమ్మ వైపు చూశాడు. నాకు కావలసింది దొరికింది.

"మీ చెయ్యొద్దు నాకు. డాక్టరమ్మని మైదానానికి పిలవండి. జట్టంతా చూస్తుండగా, ఇప్పుడే, ఈ పొద్దుటే పరీక్ష చేయించండి. మానలేదని ఆమె చెబితే నా పేరు నేనే కొట్టేస్తాను. మానేదాకా ఆ బకెట్లు మీ తమ్ముణ్ణి మొయ్యమనండి. అతని తొడ ఎప్పుడో మానింది."