పళ్ళ మధ్య ఇసుకదొందు

మిరప కోతలు అయిపోయిన వారం, ఆదాం గుండ్లకమ్మ ఏట్లో ఇసుకదొందులు పట్టడానికి బయల్దేరాడు. భార్య నసీమున్నీసా బుట్ట పట్టుకుని వెంట వెళ్ళింది. ఇసుకదొందు జానెడైనా ఉండని చేప. ఒళ్ళంతా ఇసుక కప్పుకుని, కళ్ళు మాత్రం బయటపెట్టి పడుకుంటుంది. దాన్ని చేతులతో తడిమి పట్టాల్సిందే.

మోకాలి లోతు నీళ్ళలో వంగి ఆదాం ఒకదాన్ని పట్టాడు. అంతలోనే కాలి కింద ఇంకొకటి కదిలింది. బుట్టేమో గట్టున భార్య చేతిలో ఉంది. చేతిలోదాన్ని పళ్ళ మధ్య కరిచిపట్టుకుని, రెండు చేతులూ ఇసుకలోకి దూర్చాడు.

"ఇటు విసరొచ్చుగా, నోట్లో ఎందుకయ్యా?" అని అరిచింది నసీమున్నీసా.

జవాబు చెప్పబోయాడో ఏమో, నోరు తెరిచాడు. చేప జర్రున గొంతులోకి జారింది.

ఆదాం లేచి నిలబడి మెడ పట్టుకున్నాడు. దగ్గు లేదు, కేక లేదు. గుడ్లు వెళ్ళబెట్టి భార్యవైపు చూస్తున్నాడు. ఆమె బుట్ట పారేసి నీళ్ళలోకి పరుగెత్తి, వీపు మీద దబదబా గుద్దింది. చేప కదల్లేదు.

"ఎవరైనా రండయ్యో!"

కనుచూపు మేరలో మనిషి లేడు. పెదాలు నల్లబడి, ఆదాం మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

ఆమె అతని తల వెనక్కి వంచి నోట్లోకి చూసింది. నాలుక వెనక తోక కొస కొట్టుకుంటోంది. రెండు వేళ్ళతో పట్టుకోబోతే జిగురుకి జారి ఇంకాస్త లోపలికి పోయింది. నా చేత్తో నేనే చంపుకుంటున్నానా అనుకుంది. "యా అల్లా!" అంటూ గుప్పెడు ఇసుక తీసి వేళ్ళకి పులుముకుంది. చేపలు తోమేటప్పుడు పట్టు కోసం చేసే పనే అది. మళ్ళీ వేళ్ళు పెట్టింది. ఈసారి తోక దొరికింది. కానీ రెక్కల ముళ్ళు గొంతులో దిగబడి ఉన్నాయి. లాగితే గొంతు చీరుకుపోతుంది, లాగకపోతే మనిషే పోతాడు. కళ్ళు మూసుకుని ఒక్క ఊపున లాగింది.

నెత్తురుతో పాటు చేప వచ్చింది. ఆ వెనకే గరగరమంటూ ఊపిరి.

అద్దంకి ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి, "గాయం మానుతుందమ్మా. పది రోజులు మాట్లాడనివ్వకండి" అంది. ఆ పది రోజులూ ఆదాం మింగిన ప్రతి ముద్దనీ నసీమున్నీసా కన్నార్పకుండా చూసింది.

నెల తిరక్కుండానే అతను మళ్ళీ ఏటికి బయల్దేరాడు. వద్దన్నా వినలేదు. ఆమే వెంట వెళ్ళి, పక్కనే నీళ్ళలో నిలబడింది.

"పట్టినంతసేపూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండు."

"ఏం మాట్లాడాలే?"

"ఏదైనా సరే. నీ గొంతు వినబడాలి నాకు."

ఆదాం బొంగురు గొంతుతో ఎండ గురించి, ఈసారి వేసే మిరప రకం గురించి చెప్పడం మొదలుపెట్టాడు. వంగి ఇసుకలో తడుముతూ ఒక్క క్షణం ఆగాడు.

"మాట్లాడయ్యా!" అని ఏరంతా మారుమోగేలా అరిచింది నసీమున్నీసా.