మోతగాణ్ణి తీసేసిన పెద్దసారు

ఇలా దగ్గరికి జరగండర్రా. ఆ ఫోన్లు కాసేపు పక్కన పెట్టండి, కొంపలేం మునగవు. తాళాల పిల్ల కథ చెబుతాను.

ఆ పిల్లకు కంప్యూటర్ ఆఫీసులో ఉద్యోగం. ఆసుపత్రుల్లో రోగులకు వరస నంబర్లిచ్చే ప్రోగ్రామ్ రాస్తారక్కడ. రాసిందంతా దాచే చోటును రిపాజిటరీ అంటారు. ఎవరు ఏ ముక్క మార్చారో, ఎప్పుడు మార్చారో, పేర్లతో సహా అందులో ఉండిపోతుంది. కొందరు దాన్ని చూడగలరు, అంతే. కొందరు రాయగలరు. ఏ ఒకరిద్దరో మాత్రం మిగతావాళ్ళకు హక్కులివ్వగలరు, పీకెయ్యగలరు. వాళ్ళు అడ్మిన్లు. ఎవరికెంత హక్కుండాలో చూసుకోవడమే ఈ పిల్ల పని. అందుకే తాళాల పిల్ల అన్న పేరు పడింది.

ఆఫీసు నడిపే పెద్దసారు లేకపోతే ఆ పని తిన్నగానే సాగేది. ఆయనకు ప్రోగ్రామ్ రాయడం రాదు. రాదన్న సంగతి ఆఫీసులో ఆయనకొక్కడికే తెలియదు. ఎవరి పుట్టినరోజు వచ్చినా కేకు కోయించి, చప్పట్లు కొట్టించి, "ఈరోజు నుంచి నువ్వు అడ్మిన్‌వి!" అని ప్రకటించేవాడు. జీతం పెంచమని అడిగినవాడికి జీతం బదులు అడ్మిన్. సెలవడిగితే సెలవు బదులు అడ్మిన్. కుర్చీలూ బల్లలూ కొనే ఆయన అడ్మిన్, ఫోనెత్తే ఆవిడ అడ్మిన్. వాళ్ళలో ఒక్కరూ ఆ రిపాజిటరీ గడప తొక్కిన పాపాన పోలేదు. "ఇన్ని చేతుల్లో తాళాలెందుకు సార్?" అని పిల్ల నెత్తీ నోరూ కొట్టుకుంటే, "ఇచ్చిన గౌరవం వెనక్కి లాక్కుంటామా?" అనేవాడు ఆయన, చిరిగిన సోఫాలో వెనక్కి వాలి.

ఇదిలా ఉండగా ఆయన బామ్మర్ది ఆఫీసులో చేరాడు. ఏ పనికి చేరాడో చేర్చినాయనకీ తెలియదు, చేరినవాడికీ తెలియదు. చేరీ చేరగానే తాళాల పిల్ల బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"నాకూ ఇవ్వండి మేడం, ఆ హక్కు."

పిల్ల చూసే హక్కు మాత్రం ఇచ్చింది.

"చూసి ఏం చేసుకోను? ఫ్రేము కట్టించుకోనా?" అన్నాడు మొహం మాడ్చుకుని.

"ముందు చూడండి. అర్థమైతే రాద్దురుగాని."

ఆ మాట బావగారి చెవిన పడింది. మధ్యాహ్నానికి మీటింగు పెట్టారు. అందరి ముందూ పిల్ల హక్కులు తీసేసి, ఆమెను చూసేవాళ్ళ వరసలో కూర్చోబెట్టి, తాళాలన్నీ బామ్మర్దికి అప్పజెప్పారు. బామ్మర్ది సభ్యుల పేర్లన్నీ గోడ మీది తెర మీద పెట్టి, పనికిమాలినవాళ్ళను ఏరిపారేస్తానన్నాడు. ఒక పేరు దగ్గర ఆగాడు.

"బావగారూ, ఈ మోతగాడు ఎవరండీ? ఫొటో లేదు. ఒక్క కేకు పార్టీకీ రాలేదు."

పిల్ల గబుక్కున లేచింది. "సార్, అది మనిషి కాదండీ!"

"తోటి ఉద్యోగిని అంత మాటంటావా?" అని గుడ్లురిమాడు పెద్దసారు.

"అయ్యో, యంత్రం కోసం పెట్టిన ఖాతా సార్. మనం రాసినదాన్ని రిపాజిటరీలోంచి తీసి ఆసుపత్రులకు మోసుకెళ్ళేది అదే. దాన్ని తీసేస్తే ఇక్కడ రాసింది ఇక్కడే పడుంటుంది."

అప్పుడు చూడాలి ఆయన మొహం. ముక్కుపుటాలు ఎగిరిపడ్డాయి. "అంటే, నేనూ ఒక యంత్రమూ ఒకే వరసలోనా? పైగా అక్షరక్రమంలో దాని పేరు నా పేరుకంటే పైన! తీసెయ్యరా ముందు!"

బామ్మర్ది తీసేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టరూ మరి, అందరూ అడ్మిన్లేగా!

సాయంత్రం పిల్ల ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా స్టూలు మీద కూలబడింది. ఆమెను పెంచిన మేనత్త బట్టలు మడతపెడుతూ తలెత్తింది.

"ఏమే, మొహం అలా వేలాడేశావ్? ఉద్యోగం ఉందా, ఊడిందా?"

"ఉంది అత్తా. తాళాలే లాక్కున్నారు. రేపు ఏదన్నా పాడైతే మాత్రం నా మెడకే చుడతారు."

"చుడితే చుట్టనీ. వాళ్ళు చేసిన చెత్తకి నీ పేరు మాత్రం పెట్టుకోకు. ఒకసారి పడిందంటే ఎంత తోమినా పోదు. లే, కాళ్ళు కడుక్కో."

అత్త నోరు మంచిది కాదుగానీ, మాట మంచిది. ఆ మాట పిల్ల మనసులో ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఫోను. ప్రోగ్రామ్ ఒకే నంబరును ఇద్దరేసి రోగులకు ఇస్తోంది. తప్పెక్కడుందో కనిపెట్టి ఆఫీసువాళ్ళు వెంటనే సరిచేశారు. కానీ సరిచేసింది ఎక్కడిదక్కడే కూర్చుంది. మోసుకెళ్ళేవాడేడీ?

అడ్మిన్లందరూ బామ్మర్ది వెనక మూగారు. ఒకడు మౌసు కదపమంటాడు, ఇంకొకడు కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టమంటాడు. బామ్మర్దికి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. మోతగాడు అన్న పేరుతోనే కొత్త ఖాతా తెరిచాడు. ఈసారి ఎవరూ వంక పెట్టకుండా మీసాలాయన ఫొటో కూడా అంటించాడు. యంత్రం దగ్గరున్నది పాత ఖాతా తాళం. అది మీసాలకు లొంగుతుందా?

ఫోన్లో ఆసుపత్రి హెడ్ నర్సు గొంతు గదంతా మోగింది. "ఏమయ్యా, ఇక్కడ ఇద్దరు ముసలాళ్ళు ఒకే నంబరు పట్టుకుని చేతికర్రలెత్తారు! బాగుచేస్తారా, మీ ప్రోగ్రామ్ తీసి అవతల పారెయ్యమంటారా?"

పెద్దసారు తాళాల పిల్ల మీదికి తిరిగాడు. "అంతా నీవల్లే! గట్టిగా చెప్పొద్దూ? ఇది బాగుపడకపోతే రేపటి నుంచి రానక్కర్లేదు. రా, నా పేరుతో లోపలికెళ్ళి సరిచెయ్."

ఉద్యోగం ఊడే దాకా వచ్చింది. కూర్చుని చేసేస్తే గొడవ తీరిపోయేదే. కానీ అత్త మాట గుర్తొచ్చి పిల్ల చేతులు కట్టుకుంది.

"మీ పేరుతో నేను ముట్టుకోను సార్. కుదిరితే మీరు చేశారంటారు, కుదరకపోతే నేను చేశానంటారు. నా హక్కులు నాకివ్వండి, నా పేరుతోనే చేస్తాను."

"పొగరా?"

"వింటున్నానయ్యా!" అంది ఫోన్లోంచి నర్సు. "ఆ అమ్మాయి అడిగిందేదో ఇచ్చి చావరాదూ?"

ఇవ్వడానికి ఒప్పుకున్నాడుగానీ, ఎక్కడ నొక్కి ఇవ్వాలో సర్వాధికారికి తెలియదు. పిల్లే వేలు పెట్టి చూపించింది. హక్కు చేతికి రాగానే మీసాలాయన్ని సాగనంపి, మోతగాడికి మళ్ళీ ఖాతా తెరిచి, మోతకు సరిపడా మాత్రం హక్కిచ్చి, కొత్త తాళం యంత్రానికి అందించింది. కాఫీ చల్లారేలోపు ఆసుపత్రిలో నంబర్లు దారిన పడ్డాయి.

అక్కడితో ఊరుకుంటే ఆమె తాళాల పిల్ల ఎందుకవుతుంది? మెల్లిగా సారు దగ్గరికెళ్ళింది.

"సార్, అడ్మిన్ అన్నది అందరికీ ఉన్న హోదా. ఫోనెత్తే ఆవిడకున్నదే మీకూ ఉంటే ఏం బాగుంటుంది? మీకోసం వేరే వరస పెడతాను. గౌరవ సర్వాధికారి. అందులో మీరొక్కరే."

"ఒక్కణ్ణేనా?"

"అన్నిటికంటే పైన, సార్."

ఆయన మొహం వెలిగిపోయింది. ఆ వరసకున్నది చూసే హక్కు మాత్రమే. ఏదీ ముట్టుకోలేడు. ముట్టుకుంటేగా తెలిసేది! ఆ పేరు కార్డుల మీద అచ్చు వేయించుకున్నాడు. తక్కిన అడ్మిన్లు తమ హోదాలు పిల్ల తీసేసిందని గమనించనైనా లేదు. బామ్మర్ది ఒక్కడే వారం తిరక్కుండా వచ్చి బల్ల దగ్గర నసిగాడు.

"మేడం, నాకూ అలాంటిదేదైనా..."

"ఉంది. గౌరవ ఉప సర్వాధికారి."

ఈలవేసుకుంటూ వెళ్ళిపోయాడు. ఫ్రేము కూడా కట్టించుకున్నాడట.

ఆ పిల్ల ఇప్పటికీ అదే బల్ల దగ్గర, తన పేరుతోనే పనిచేస్తోంది. మీరు ఉద్యోగాలకెళ్ళినప్పుడు గౌరవ సర్వాధికారులు మీకూ ఎదురవుతారు, వాళ్ళ సంతతి చాలా పెద్దది. అప్పుడు ఈ కథ గుర్తుచేసుకోండి. పక్క బల్ల దగ్గర కుమిలిపోతున్నవాళ్ళెవరైనా ఉంటే కూర్చోబెట్టి చెప్పండి. మీసాలాయన ఫొటో సంగతి మాత్రం మర్చిపోకుండా చెప్పండర్రా.