కంచె పక్క కారు చోటు

కర్రాబిన్ ఫుట్‌బాల్ మైదానంలో ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదిలోకి అడుగు పెట్టగానే బ్రాన్విన్ ట్రెగెంజా ముక్కు మూసుకుంది. దాన్ని గది అనడం కూడా మర్యాద కోసమే. ఒక గోడ పొడవునా మగవాళ్లు నిలబడి ఉచ్చ పోసుకునే స్టీలు తొట్టి, అందులో అరిగిపోయిన కలరా ఉండలు, తొట్టి అంచున ఎవరో పుణ్యాత్ముడు వరసగా పెట్టిన ప్లాస్టిక్ పూలకుండీలు. కుండీలు పెట్టాక అది తొట్టి కాదు, తోట అని క్లబ్బు వాళ్ల లెక్క. తోటలోంచి మాత్రం పోయిన శనివారం తాగిన బీరు వాసన వస్తోంది.

"మగాళ్లు దీన్ని వాడటం మానేశారా?" అని అడిగింది బ్రాన్విన్.

"మానేస్తే నిన్నెందుకు పిలుస్తాం?" అంది కెరిన్ డఫ్. ఆడవాళ్ల జట్టుకు ఆమె కెప్టెన్. వారమంతా స్కూలు బస్సు నడుపుతుంది. "మేం సగం బట్టల్లో ఉండగా తలుపు తోసుకొని వస్తారు. 'కళ్లు మూసుకున్నాంలే అమ్మాయిలూ' అంటారు. మూసుకుంటే గురి ఎక్కడ కుదురుతుంది? కుండీలు చూడు, ఎలా తడిశాయో."

బ్రాన్విన్ చూసింది. ఎందుకు చూశానా అనుకుంది. బయటికి వచ్చి గాలి పీల్చుకుంది.

ఆ ఊరు ఆమెకు కొత్త కాదు. ఆస్ట్రేలియాలోని ఈ విక్టోరియా గోధుమ నేలల్లోనే పుట్టింది. చిన్నప్పుడు శుక్రవారం సాయంత్రాలు ఆ గడ్డి మీదే పరుగుపందేల్లో ఉరికింది. ఇప్పుడు పక్క పట్నంలో భవనాలు గీయడం ఆమె పని. మైదానానికి కొత్త గదులు కట్టడానికి ప్రభుత్వం ఒప్పుకుంది, గీసిపెట్టమని క్లబ్బు ఆమెను పిలిచింది. ఊళ్ల మధ్య పోటీలు నడిపే లీగ్ వాళ్లు కూడా తెగేసి చెప్పేశారు: వచ్చే ఏటి నుంచి ఆడవాళ్లకు వేరే గది లేని ఊళ్లో ఆడవాళ్ల ఆటలు ఉండవు. అంటే గది కడితే జట్టు ఉంటుంది, లేకపోతే పోతుంది. అంతకు మించి అందులో అర్థం కానిదేమీ లేదు.

ఆమె మనసు పెట్టి గీసింది. మైదానానికి పడమట పొడవాటి పొట్టి భవనం. ఆడవాళ్లకు రెండు గదులు, మగవాళ్లకు రెండు, అంపైర్లకు ఒకటి, దెబ్బ తగిలినవాళ్లను పడుకోబెట్టడానికి ఒకటి. పరుగుపందేల పిల్లల చేతికి అందే ఎత్తులో కుళాయిలు. హైజంప్ పరుపుల్లో ఎలుకలు కాపురం పెట్టకుండా గట్టి సామాన్ల గది. చివర చిన్న బార్, తినుబండారాల దుకాణం. మురుగు అటే పల్లానికి పోతుంది, ఆట చూసేవాళ్లకు పొద్దు వీపు వెనక ఉంటుంది. అంతకన్నా మంచి చోటు లేదు.

చిక్కల్లా ఒక్కటే. ఆ చోట కార్లు నిలబడతాయి.

కర్రాబిన్‌లో ఆట చూడటమంటే కంచెకు మూతి ఆనించి కారు ఆపి, లోపల కూర్చుని, మాంసం కూరిన వేడి వేడి 'పై' రొట్టె తింటూ చూడటం. మనవాళ్లు గోల్ కొడితే హారన్ మోగించాలి. ఏ కారు ఎక్కడ నిలబడాలో గీత లేదు, బోర్డు లేదు, అయినా తప్పు చోట ఆపినవాడు ఇంతవరకు లేడు. పొలం గట్టు కోసం కోర్టుకెక్కిన అన్నదమ్ములు కూడా కారు చోటు దగ్గర కిక్కురుమనరు. అది పెద్దకొడుక్కి వస్తుంది. సరిగ్గా మధ్యనున్న చోటు క్లబ్బు ప్రెసిడెంటు మెర్విన్ హాకింగ్‌ది. వాళ్ల తాత అక్కడ గుర్రబ్బండి నిలిపేవాడట.

కమిటీ మీటింగులో మెర్విన్ నమూనా మీద లావుపాటి వేలు పెట్టాడు. "ఇక్కడ నా కారుంటుంది."

"ఇప్పుడు గదులొస్తాయి, మెర్వ్. నువ్వు కాస్త ఆ పక్కకు జరిగితే సరి."

"ఆ పక్కన నెవ్ కారుంటుంది."

కోశాధికారి నెవ్ తల ఊపాడు. అతని పక్కవాడూ ఊపాడు, ఆ పక్కవాడి కారు ఆ పక్కన ఉంటుంది కాబట్టి. చివరికి అందరి తలలూ ఊగాయి. బ్రాన్విన్‌కు ఒళ్లు మండింది, కాని పని ఆగిపోకూడదని భవనాన్ని కార్ల వెనక్కి జరిపి మళ్లీ గీసింది.

రెండో మీటింగులో నెవ్‌కు కొత్త అనుమానం వచ్చింది. "బార్ కిటికీలోంచి చూస్తే మాకేం కనబడుతుంది?"

"మీ కార్ల టాపులు," అంది బ్రాన్విన్. "వెనక కుక్కలుంటే కుక్కలు కూడా."

"ఇంత బీరు తాగి నా కుక్కనే నేను చూసుకోవాలా?"

"కార్లు జరపండి మరి."

ఆ మాట ఎవరికీ వినబడలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినా వాడు కనీసం ఊదే బుగ్గలైనా చూస్తాడు. వీళ్లు అదీ చూడలేదు. బార్‌ను మేడ మీదికి ఎత్తేద్దాం అన్నాడు మెర్విన్. అందరికీ నచ్చింది. మేడంటే మెట్లు కావాలి. క్లబ్బులో మోకాళ్లు అరగనివాడు లేడు కాబట్టి లిఫ్టూ కావాలి. వాటికి చోటెక్కడిది? అందరూ నమూనా మీదికి వంగారు. వేళ్లన్నీ తిరిగి తిరిగి ఆడవాళ్ల గదుల మీదికే వచ్చాయి.

"వాళ్లకు మెట్ల కింద బోలెడంత చోటు మిగులుతుంది," అన్నాడు నెవ్. "ఎలాగూ ఎత్తు తక్కువ మనుషులు."

నవ్వారు. బ్రాన్విన్ ఆ నవ్వే మొహాలను ఒక్కొక్కటిగా చూసింది. చెడ్డవాళ్లు కారు. పక్కింట్లో గడ్డివాము అంటుకుంటే తిండి వదిలేసి పరుగెత్తేవాళ్లు. అదే ఆమెకు ఇంకా కంపరం పుట్టించింది.

"మెర్వ్, నీ మనవరాలు టిల్డా ఆ జట్టులోనే ఉందిగా," అంది. "అదెక్కడ మార్చుకుంటుంది?"

"నా కార్లో," అన్నాడు మెర్విన్, ఛాతీ కాస్త ముందుకు పెట్టి. "నేను బయట దుప్పటి అడ్డం పట్టుకుంటా. దాన్ని ఆ కంపు గదిలోకి పంపిస్తాననుకున్నావా? నేనింకా బతికే ఉన్నా."

"అంటే అక్కడ కంపు కొడుతుందని నీకు తెలుసు."

"తెలియకేం? ముక్కుందిగా."

"మిగతా పిల్లల సంగతి?"

"వాళ్ల తాతలు చూసుకుంటారు," అన్నాడతను, నిజంగానే అర్థం కానట్టు. "వాళ్లకూ కార్లున్నాయి."

అంతసేపూ ఆమెకు కోపమే ఉంది. ఆ మాటతో కోపం చల్లారి, దాని చోట ఈగను మింగినట్టు ఒక రోత మిగిలింది. వాళ్లకు తెలియదేమో, చెబితే తెలుస్తుందేమో అనుకుని ఇన్నాళ్లూ గీసింది. తెలియనిదేమీ లేదు. తన ఇంటి పిల్లకు ఒక దుప్పటి దొరికితే ఊరికి గది అక్కర్లేదు.

చేతులెత్తమన్నారు. అన్ని చేతులూ లేచాయి, తిలా పాపం తలా పిడికెడు. బ్రాన్విన్ కాగితాలు చుట్టుకుని లేచింది.

"ఇంకొకరిని చూసుకోండి. మెట్ల కింద మనుషుల్ని పెట్టడం నాకు రాదు."

"అలా అలిగితే ఎలా అమ్మాయ్?" అన్నాడు నెవ్. "చల్లగా ఒకటి తాగి వెళ్లు."

ఆమె తాగకుండానే వెళ్లింది. ఇంకెవరో గీశారు, భవనం లేచింది. మేడ మీద గోడంత అద్దం, దాని వెనక బార్. అక్కడి నుంచి ఆట చాలా బాగా కనబడుతుందని ఊరంతా చెప్పుకుంది. చెప్పుకున్నవాళ్లు మళ్లీ కిందికి దిగి తమ కార్లలోనే కూర్చున్నారు, అలవాటు. మెట్ల కింది గది తలుపు మీద ఆడమనిషి బొమ్మ అతికించారు. ప్రభుత్వం తరఫున వచ్చినాయనకు ఆ బొమ్మ చాలింది, రిబ్బను కత్తిరించి వెళ్లాడు. లీగ్ మనిషికి చాలలేదు. తలుపు తీసి, వంగి లోపలికి చూసి, "చీపుర్లు ఇక్కడ పెట్టుకుంటారా?" అని అడిగాడు. కెరిన్ డఫ్ ఆ వారమే జట్టును రద్దు చేసింది. సగం మంది ఆట మానేశారు. మిగతా సగం మినూకా జట్టులో చేరారు, టిల్డాతో సహా.

మినూకా అంటే కర్రాబిన్‌కు బద్ధశత్రువు. ఆ ఊరి పిల్లను చేసుకున్న కర్రాబిన్ కుర్రాణ్ణి పెళ్లి విందులోనే ఏడిపిస్తారు. అక్కడ కూడా కంచె పక్క చోట్ల దగ్గర రెండు నెలలు అరుచుకున్నారు, కాని చివరికి కార్లు జరిపారు. బ్రాన్విన్ గీసిన పొట్టి భవనం అక్కడే కట్టారు. కొత్త సీజన్ మొదటి ఆటకు, గదులు ఎలా పనిచేస్తున్నాయో చూద్దామని ఆమె వెళ్లింది. లోపల వేడినీళ్ల ఆవిరి, సబ్బు వాసన. తొట్టి లేదు. ఆ మామూలు వాసనకే ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

బయటికి వచ్చి వెనక వరసలో నడుస్తుంటే చెత్తడబ్బాల పక్కన మెర్విన్ కారు కనబడింది. ముందు వరసలో పరాయి ఊరివాడికి చోటెవరిస్తారు? అద్దం దించుకుని, మెడ చాచి, ముందున్న కార్ల సందుల్లోంచి చూస్తున్నాడు. కారు దిగి ఆట చూడటం హాకింగ్ వంశంలో లేదు.

"నువ్వు కాస్త గట్టిగా చెప్పాల్సింది, బ్రాన్," అన్నాడు, పలకరింపు లేకుండా. "గీసేదానివి నువ్వు. మేం రైతులం, గదుల సంగతి మాకేం తెలుసు?"

ఆమె అతని మొహంలోకి చూసింది. అతను వేళాకోళమాడటం లేదు. ఇన్ని నెలలు ఆలోచించి నిజంగానే అక్కడ తేలాడు. తిట్టడానికి ఆమె నోట్లో చాలా మాటలు ఉన్నాయి, ఒక్కటీ పైకి తేబుద్ధి కాలేదు. తిట్టడానికైనా మనిషి మీద కాస్త గౌరవం మిగలాలి.

అంతలో ముందు వరస కార్లన్నీ ఒక్కసారిగా మోగాయి.

"ఎవరు కొట్టారు?" అన్నాడు మెర్విన్, కూర్చున్నచోటే ఎగిరి చూస్తూ. "కనబళ్లేదు. ఎవరు?"

"టిల్డా."

అతని చేయి దానంతటదే హారన్ మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది. మైదానం నడుమ ఆ పిల్ల జట్టువాళ్ల కౌగిళ్లలోంచి తల బయటికి పెట్టి, కార్ల వరసంతా ఈ చివర నుంచి ఆ చివర దాకా వెతుకుతోంది. హారన్లు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి.

"కొట్టు, మెర్వ్," అంది బ్రాన్విన్.

"మినూకాకా?" అన్నాడతను. చేయి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

టిల్డా ఇంకాసేపు చూసింది. తర్వాత ఇటు వీపు తిప్పి తన చోటికి పరుగెత్తింది.